తాళంగుత్తి మల్టీటూల్స్‌లో అరుదైన రకాలు: ఫ్యాక్టరీలో అలా వచ్చిందా, తర్వాత ఎవరైనా మార్చారా?

కొబ్బరిపుల్ల (అమలాపురం):
రెండు వస్తువులు అమ్మకానికి వచ్చాయండి. కొనేముందు తెలిసినవాళ్లు చెబుతారని అడుగుతున్నాను.

మొదటిది విక్టోరినాక్స్ (స్విస్ మడతకత్తుల కంపెనీ), 58 మి.మీ. సైజు. నల్ల తొడుగులు, అంటే రెండు పక్కలా ఉండే పిడి పలకలు. చిన్న బ్లేడు, కొస స్క్రూ డ్రైవర్‌గా ఉన్న గోళ్ల ఆకురాయి, కత్తెర, సీసా మూత తీసేదానికే కలిసిన స్టార్ స్క్రూ డ్రైవర్ ఉన్నాయి. ఒక తొడుగులో పట్టకారు, రెండో తొడుగులో చిన్న పెన్ను. పెట్టె కూడా ఇస్తామంటున్నారు. దాని మీద 0.6363.3 అని ఉంది. "నల్ల మేనేజర్, ఎక్కడా దొరకదు" అంటూ మామూలు ధరకి రెండింతలు అడుగుతున్నారు.

రెండోది లెదర్‌మన్ అనే అమెరికా కంపెనీ స్క్విర్ట్, ఎర్రది. "పాత పి4, ఇప్పుడు తయారుచేయట్లేదు" అంటున్నారు. తెరిస్తే మధ్యలో నోస్ ప్లయర్, పక్కన చిన్న కత్తెర కనబడుతున్నాయి.

రెండూ కువైట్ నుంచి వచ్చినవాళ్ల దగ్గరివే. వీటిలో నిజంగా అరుదైనది ఏది?

వశిష్ఠరేవు (నరసాపురం):
ముందు పెట్టె సంగతి. మీ ప్రశ్నకి సగం జవాబు ఆ నంబర్లోనే ఉంది.

విక్టోరినాక్స్ 58 మి.మీ. వరసలో చుక్క తర్వాత వచ్చే నాలుగు అంకెలు పనిముట్ల కూర్పుని చెబుతాయి. చివరి అంకె తొడుగులో ఏముందో చెబుతుంది. 0.6223 అంటే క్లాసిక్ ఎస్‌డీ: తొడుగుల్లో పట్టకారు, పళ్లు కుట్టుకునే పుల్ల. అదే శరీరానికి పుల్ల బదులు పెన్ను పెడితే 0.6225, దాని పేరు సిగ్నేచర్. పెన్నుతో పాటు లైటు కూడా పెడితే 0.6226, సిగ్నేచర్ లైట్. లైటు ఉండి పెన్ను లేకపోతే 0.6228, స్విస్‌లైట్. అల్యూమినియం తొడుగులు, అంటే ఆలాక్స్, అయితే 0.6221.

ఇదే లెక్క పై మోడళ్లకీ నడుస్తుంది. 0.6363 రాంబ్లర్, పుల్ల ఉన్నది. 0.6365 మేనేజర్, పెన్ను ఉన్నది. 0.6366 మిడ్‌నైట్ మేనేజర్, పెన్ను, లైటు రెండూ ఉన్నది. మినీచాంప్ 0.6385, దాని లైటు తమ్ముడు 0.6386. చివరన 3 ఉంటే పుల్ల, 5 ఉంటే పెన్ను, 6 ఉంటే పెన్నూ లైటూ. ఇంత గుర్తుంటే సంతలో నిలబడి కూడా చెప్పేయొచ్చు.

రెండో చుక్క తర్వాత వచ్చేది రంగు. ఏమీ లేకపోతే ఎరుపు, 3 నలుపు, 7 తెలుపు. టి అక్షరం ఉంటే లోపలికి కనబడే పారదర్శక తొడుగు. బి1 అని ఉంటే అది రంగు కాదండి, అట్టకి అతికించిన ప్లాస్టిక్ ప్యాకింగ్. "బి1 రకం, అరుదైనది" అని అమ్మితే నమ్మకండి.

కాబట్టి మీరు చెప్పిన పెట్టె నల్ల రాంబ్లర్‌ది. చేతిలో ఉన్నదానికి పెన్ను ఉంది. పెట్టె వేరే కత్తిదైనా కావాలి, రాంబ్లర్‌కి ఎవరో పెన్ను తొడుగు వేసైనా ఉండాలి. రాంబ్లర్, మేనేజర్ శరీరాలు ఒకటే కాబట్టి తొడుగు మారిస్తే ఒకటి రెండోది అయిపోతుంది.

లంకపొలం (ముక్తేశ్వరం):
స్క్విర్ట్ సంగతి నేను చెబుతాను. అది పి4 కాదు, పిఎస్4.

మొదట వచ్చిన స్క్విర్ట్‌లు మూడు: పి4 ప్లయర్‌ది, ఎస్4 కత్తెరది, ఇ4 వైరింగ్ పనికి. మధ్యలో తెరుచుకునే తల ఏదో దాన్నిబట్టే అక్షరం. పి4లో కత్తెర లేదు, దాని బదులు దబ్బనం లాంటి సూది మొన ఉండేది. తర్వాత 2010లో పి, ఎస్ కలిపి పిఎస్4, ఇ, ఎస్ కలిపి ఇఎస్4 చేశారు. ప్లయర్‌తో పాటు కత్తెర కనబడిందంటే పిఎస్4 అన్నట్టే, ఇంకేమీ చూడక్కర్లేదు. ముడిస్తే 57 మి.మీ., బరువు 56 గ్రాముల చుట్టూ ఉంటుంది.

పోగుచేసేవాళ్లకి ఇ4, ఇఎస్4 తల మీద ఆసక్తి ఎక్కువ, పిఎస్4 అంత విరివిగా అవి దొరకవు కాబట్టి. ఇ4, ఇఎస్4 దవడల్లో వైరు తొక్క తీసే గుంటలుంటాయి: 20, 18, 16, 14, 12 గేజి. ఇవి అమెరికా కొలతలు. మన ఇంటి వైర్లు చదరపు మిల్లీమీటర్లలో వస్తాయి. పోల్చుకుంటే 18 గేజి 0.82, 16 గేజి 1.31, 14 గేజి 2.08, 12 గేజి 3.31 చ.మి.మీ. అంటే మన 1.5 వైరు 16కీ 14కీ మధ్య, 2.5 వైరు 14కీ 12కీ మధ్య పడతాయి. ఎప్పుడూ పెద్ద గుంటే వాడాలి: 1.5కి 14, 2.5కి 12. చిన్న గుంటలో పెట్టి లాగితే పైవరస రాగి తీగలు తెగిపోతాయి. కనెక్షన్ ఇచ్చాక మిగిలిన తీగల మీద లోడు పడి అక్కడే వేడెక్కుతుంది. పిడులు అల్యూమినియం, పైన రబ్బరు గానీ ఇన్సులేషన్ గానీ లేదు. చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల త్రీఫేజు లైను దగ్గర దీన్ని బయటికి తీయకండి.

కొబ్బరిపుల్ల (అమలాపురం):
నంబర్ల లెక్క ఇంత తేలికని ఇప్పటిదాకా తెలియదండి. పిఎస్4 అయితే పి4 ధర ఇవ్వక్కర్లేదన్నమాట. మరి ఆ నల్లదానికి తొడుగు మార్చారో లేదో చేత్తో చూసి చెప్పగలిగే గుర్తులున్నాయా? పెట్టె ఒక్కటే తారుమారైతే కత్తి మేనేజరే అవుతుంది కదా.

కాలువగట్టు (రావులపాలెం):
ఉన్నాయండి. వెలుతురు బాగా ఉన్నచోట, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడాలి. నగల దుకాణాల్లో వాడేది చాలు, ఫోన్ కెమెరా సరిపోదు.

ఈ సైజు ప్లాస్టిక్ తొడుగులు రివెట్ తలల మీద నొక్కితే పట్టుకుంటాయి. తీసేవాళ్లు తొడుగుకీ లోపలి రేకుకీ మధ్య పలచటి బ్లేడు దూర్చి, రివెట్ దగ్గర పైకి లేపుతారు. అందుకే ముందు అంచులు చూడండి. రేకు అల్యూమినియం, మెత్తన. అడ్డంగా చిన్న గీత, నొక్కు పడి ఉంటే అది బ్లేడు దూర్చిన గుర్తు. జేబులో పడ్డ గీతలు అన్ని వైపులా వంకరటింకరగా ఉంటాయి. దూర్చిన గీత ఒకేచోట, రివెట్‌కి ఎదురుగా, లోపలికి దిగుతుంది.

తర్వాత దీపం ముందు పెట్టి చూడండి. తొడుగుకీ రేకుకీ మధ్య వెలుతురు గీత ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉంటే తొడుగు పూర్తిగా కూర్చోలేదు. బొటనవేలితో రెండు కొసలూ మార్చి మార్చి నొక్కండి. టిక్ మని కదిలితే వదులైందన్నమాట. ఒకసారి తీసిన తొడుగు రంధ్రం మొదటిసారంత బిగువుగా మళ్లీ పట్టదు. అందుకే చాలామంది సూపర్ గ్లూ చుక్క వేస్తారు, అది వాళ్లని పట్టించేస్తుంది. ఆ గ్లూ ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొగలా పేరుకుంటుంది. నల్ల తొడుగు మీద ఇంకా బాగా కనబడుతుంది.

మూడోది అరుగుదల. రింగు ఉన్న కొస దగ్గర తాళాలు రాసుకుని రెండు తొడుగులూ దాదాపు ఒకేలా గీతలు పడతాయి. పట్టకారు వైపు నిండా గీతలుండి, పెన్ను వైపు అద్దంలా మెరుస్తుంటే ఒక తొడుగు కొత్తది. ఈ గుర్తే ఎక్కువసార్లు నిజం చెబుతుంది.

పెన్ను ఉన్న తొడుగు మామూలుదానికంటే కాస్త మందం. ఆ మందం తేడా మాత్రం మోసం కాదు, అసలు మేనేజర్‌కీ ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడకండి.

వశిష్ఠరేవు (నరసాపురం):
బాగా చెప్పారు. ఇంకో రెండు కూర్పులు కూడా సంతలో పొరపాటు పేర్లతో తిరుగుతుంటాయి. కత్తెర లేకుండా బ్లేడు, ఆకురాయి మాత్రమే ఉంటే అది ఎస్కార్ట్, 0.6123. కత్తెర లేకుండా స్టార్ స్క్రూ డ్రైవరు ఉంటే ర్యాలీ, 0.6163. ఈ రెంటినీ "కత్తెర విరిగిన క్లాసిక్" అనుకుని చవగ్గా ఇచ్చేస్తుంటారు. కత్తెర ఉండాల్సిన చోట ఖాళీ ఉందా, అసలు ఆ అరే లేదా అని చూస్తే తెలిసిపోతుంది.

బ్లేడే లేకుండా కత్తెర, సీసా మూత తీసేది ఉన్నది జెట్‌సెట్టర్, 0.6263. విమానంలో చేతిసంచిలో పెట్టుకోవడానికి చేసిన రకం. బ్లేడు పీకేసిన రాంబ్లర్‌ని ఇదని చెబితే రివెట్ దగ్గర ఖాళీ చూడండి. లెదర్‌మన్‌లో ఇదే ఆలోచనతో వచ్చింది స్టైల్ పిఎస్. అలాగని మధురపూడి విమానాశ్రయంలో వీటిని కూడా చేతిసంచిలో పెట్టుకెళ్లి వాదించకండి. కత్తెర, ప్లయర్ విషయంలో అక్కడి భద్రతా సిబ్బంది మాటే చివరి మాట. సేకరణ వస్తువుని అక్కడి డబ్బాలో పడేసే కంటే బుక్ చేసే పెట్టెలో పెట్టడం మేలు.

ఆకురాయి కొస కూడా చూడండి. 0.6203 పాత క్లాసిక్‌కి ఆ కొస గోళ్ల మట్టి తీసేలా వంపుగా, సన్నగా ఉంటుంది. 0.6223 ఎస్‌డీకి అది 2.5 మి.మీ. చదును స్క్రూ డ్రైవర్. చాలామంది రెండింటినీ ఒకే గంపలో వేస్తారు. మొదటిది దొరికితే పక్కన పెట్టుకోండి.

అల్లికదారం (నరసాపురం):
కత్తెరల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. ఇక్కడ లేసు అల్లే ఇళ్లలో దారం కత్తిరించడానికి చిన్న కత్తెర కావాలి కాబట్టి ఈ పనిముట్లని కత్తెరనిబట్టే ఎంచుతారు. నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని వెనక రోజూ తెగే దారం ఎంతో లెక్కేసుకోండి.

లెదర్‌మన్ మైక్రా 1996లో వచ్చింది. ప్లయర్ ఉండాల్సిన చోట కత్తెర ఉండడమే దాని ప్రత్యేకత. ముడిస్తే 65 మి.మీ., బరువు 51 గ్రాములు. కాబట్టి పిడులు మొత్తం చేతికి వస్తాయి, ఎక్కువసేపు కత్తిరించినా వేలు నొప్పి పుట్టదు. విక్టోరినాక్స్ 58 కత్తెర చిన్నది, దాని బలం మొనలో ఉంటుంది. దాన్ని విప్పేది పలచటి ఆకు స్ప్రింగు. అది విరగడమే ఈ కత్తెరలకి మొదట వచ్చే జబ్బు. వెంగర్ కంపెనీ 65 మి.మీ. ఎస్క్వైర్ రకంలో ఆకు స్ప్రింగు ఉండదు, మీట పద్ధతి, కత్తెర అంచుకి సన్నటి పళ్లు. స్ప్రింగు గోల లేదు, కాకపోతే పళ్ల గుర్తు పట్టుదారం మీద పడుతుంది.

కొనేటప్పుడు పరీక్ష: తడిపిన పలచటి నూలుగుడ్డని మొనతో మాత్రమే కత్తిరించండి. గుడ్డ మధ్యలో ఇరుక్కుంటే రెండు ఆకులూ దూరమయ్యాయి. పొడి కాగితం మీద చూస్తే ఏ కత్తెరైనా పాసైపోతుంది.

కొబ్బరిపుల్ల (అమలాపురం):
ఆకు స్ప్రింగు విరిగితే ఇంట్లో మార్చుకోవచ్చా అండీ? మార్చితే సేకరణ విలువ పోతుందా?

అల్లికదారం (నరసాపురం):
మార్చుకోవచ్చు. 58కి వేరే చిన్న స్ప్రింగు ఉంటుంది, 84, 91 మి.మీ. కత్తెరలది పెద్దది, పట్టదు. కత్తెర పూర్తిగా తెరిచి, పాతది ఏ వైపు వంపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. పారదర్శకమైన పాలిథీన్ కవరు లోపల చేతులు పెట్టి పని చేయండి, ఎగిరితే కవర్లోనే ఉంటుంది. విరిగిన ముక్క అడుగుని కుట్టుసూదితో పక్కకి తోస్తే జారి వస్తుంది. కొత్తదాన్ని అదే గాడిలోకి అదే వంపుతో జార్చి, కత్తెర పదిసార్లు ఆడించండి. ఒకవైపే బిగుతుగా ఉంటే తిరగేసి పెట్టారన్నమాట.

విలువ పోదు. స్ప్రింగు, పుల్ల, పట్టకారు అరిగే సామాను, కంపెనీయే విడిగా అమ్ముతుంది. చిన్న సైజు పుల్ల ఎ.6141, చిన్న పట్టకారు ఎ.6142. పెద్దవి ఎ.3641, ఎ.3642. పొరపాటున పెద్దవి తెప్పించుకుంటే దూరవు.

రొయ్యచెరువు (భీమవరం):
తుప్పు గురించి అడగాలి. స్టెయిన్‌లెస్ అంటారు కదా, మా వైపు ఆరు నెలల్లో బ్లేడు మీద చుక్కలు పడుతున్నాయి. ముఖ్యంగా చెరువు పని చేసేవాళ్ల తాళంగుత్తుల్లో ఉన్నవాటికి. నూనె రాసినా ఆగట్లేదు. కొబ్బరినూనే రాస్తున్నారు.

లంకపొలం (ముక్తేశ్వరం):
రెండు కారణాలు. మొదటిది ఉప్పు కంటే బ్లీచింగ్ పౌడర్. చెరువు శుద్ధికి చల్లే ఆ పొడిలో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్. తడి చేతికి అంటుకున్న పొడి చిటికెడు చాలు, స్టెయిన్‌లెస్ ఉక్కు పైన ఉండే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొరని అక్కడక్కడా చీల్చేస్తుంది. తర్వాత ఆ చోట సూదిమొనంత గుంట దిగుతుంది. బ్లేడంతా ఎర్రగా కాకుండా చుక్కలు చుక్కలుగా రావడానికి కారణం ఇదే. విక్టోరినాక్స్ ఉక్కు గానీ లెదర్‌మన్ వాడే 420హెచ్‌సి ఉక్కు గానీ, గట్టిపరిచి అంచు నిలిచేలా చేసిన ఉక్కులు. వంటింటి స్టీలు గిన్నెలంత తుప్పుకి ఓర్వవు.

రెండోది కొబ్బరినూనె. కోనసీమవాళ్లకి ఈ మాట రుచించకపోవచ్చు గానీ, ఇరుసులకి అది పనికిరాదండి. 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పుష్యమాసం తెల్లవారుజామున కత్తి తెరుచుకోకపోవడానికి అదే కారణం. పైగా కొన్ని నెలలకి కంపుకొట్టి జిగురు అవుతుంది, ఆ జిగురు కొబ్బరిపీచు దుమ్ముని పట్టేసుకుంటుంది. కుట్టుమిషను నూనె వాడండి. సూది మొనకి ఎంత అంటుకుంటే అంత, ఇరుసుకి ఒక చుక్క. ఎక్కువైతే కారి తొడుగు కిందికి దిగి మట్టిని లాగుతుంది.

చెరువు పని అయ్యాక చేసే పని: గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు. అన్ని పనిముట్లూ తెరిచి నీళ్లలోపలే ఒక్కోటి పదిసార్లు తెరిచి మూయండి. పాత టూత్‌బ్రష్‌తో ఇరుసుల దగ్గర రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. బోరునీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో చివరి కడుగు ఆర్‌ఓ నీళ్లతో. దులిపి, తెరిచే ఉంచి ఫ్యాను కింద ఒక పూట ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. తడి ఉండగా నూనె వేస్తే నీళ్లు లోపలే బందీ అవుతాయి. మీవాటికి నూనె రాసినా ఆగకపోవడానికి బహుశా ఇదే కారణం.

కాలువగట్టు (రావులపాలెం):
మరుగునీళ్లు మాత్రం పోయకండి. ఎర్ర తొడుగులు ప్లాస్టిక్, కొన్ని సెల్లిడార్ అనే సెల్యులోజ్ రకం. వేడికి వంగుతుంది. నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్ తగిలితే కరిగిపోయి ఆ చోట వేలిముద్ర అచ్చుపడుతుంది. స్టిక్కరు జిగురు తీయాలంటే ఎసిటోన్ జోలికి పోకుండా సబ్బునీళ్లతో నానబెట్టి గోటితో గీకండి. డీట్ ఉన్న దోమల మందు కూడా అంతే. సాయంత్రం అది రాసుకున్న చేత్తో సేకరణ పెట్టె తెరవకండి, మెరుపు పోయి మసకబారుతుంది.

ఆలాక్స్ తొడుగులకి చింతపండు వద్దు! ఇత్తడి బిందెలు తోమినట్టు తోమితే రంగు పొర పోతుంది. ఆలాక్స్, స్క్విర్ట్ పిడులు రెండూ ఆనోడైజ్ చేసిన అల్యూమినియం. ఆ రంగు పైపూత కాదు, పొర సూక్ష్మ రంధ్రాల్లో ఇంకిన రంగు. పులుపు గానీ చాకలిసోడా గానీ ఆ పొరనే తినేస్తాయి. పోయిన రంగు తిరిగి రాదు. అరుదైన రంగు కాస్తా మామూలు వెండిరంగు అయిపోతుంది.

రొయ్యచెరువు (భీమవరం):
బ్లీచింగ్ సంగతి ఇప్పుడు అర్థమైంది. ఇప్పటికే పడిన చుక్కలు తీయొచ్చా?

లంకపొలం (ముక్తేశ్వరం):
పైపైన ఉన్న ఎరుపు అయితే నూనె తడిపిన సీసం పెన్సిలు రబ్బరుతో రుద్దితే పోతుంది. గుంట పడితే వదిలేయండి. గుంట పోయేదాకా ఎమరీ పేపరు పట్టిస్తే బ్లేడు మొదట్లో ఉన్న కంపెనీ ముద్ర కూడా పోతుంది. సేకరణకి ఆ ముద్రే ప్రాణం. గుంటతో ఉన్న అసలు ముద్ర, ముద్రలేని మెరుపు కంటే ఎక్కువ విలువ.

పచ్చగళ్ల (తణుకు):
రంగుల మీద ఒక మాట. వీటిని వేరే రకాలుగా లెక్కపెట్టడం నాకు నచ్చదు. ఆలాక్స్ పరిమిత రంగులు ఏటేటా వస్తాయి, అందరూ దాచుకుంటారు, కాబట్టి అవి అరుదు కాదు. పనిముట్ల కూర్పు మారితేనే రకం మారినట్టు.

వశిష్ఠరేవు (నరసాపురం):
పచ్చగళ్ల గారూ, సగం ఒప్పుకుంటాను. దాచుకున్న పెట్టెలు చాలానే ఉన్నాయి. కానీ ఆలాక్స్ రంగుకి ఒక లాభముంది: తొడుగు మార్చడం ప్లాస్టిక్‌లా తేలిక కాదు. అది రివెట్లతో కొట్టి బిగించినది, విప్పాలంటే కత్తినే విప్పాలి. కాబట్టి ఆలాక్స్‌లో కనబడే రంగు చాలావరకు ఫ్యాక్టరీ రంగే. 2018లో బెర్రీ బ్లూ, 2019లో షాంపేన్ గోల్డ్, 2021లో టైగర్ ఆరెంజ్, 2022లో ఇన్ఫినిట్ గ్రే, 2023లో ఎలక్ట్రిక్ లావెండర్, 2024లో టెర్రా బ్రౌన్. నంబర్లో 0.6221 తర్వాత ఎల్, దాని పక్కన ఏడాది చివరి రెండంకెలు ఉంటాయి.

బొమ్మల క్లాసిక్‌లకి 0.6223 తర్వాత ఎల్, ఏడాది, వరస సంఖ్య. ఎల్1805 అంటే 2018 వరసలో అయిదోది. అవి ప్లాస్టిక్ మీద అచ్చు, అందుకే తాళాలతో కలిపి పెడితే ముందు ముఖాలు, తర్వాత అక్షరాలు అరిగిపోతాయి.

పచ్చగళ్ల (తణుకు):
రివెట్ల మాట నిజమే. అయినా నా డబ్బాలో స్థలం మాత్రం కూర్పులకే. కంపెనీల ప్రకటన ముద్ర వేసిన క్లాసిక్‌లు గల్ఫ్ నుంచి చాలా వస్తుంటాయి, వాటిని కూడా రకాలంటే అంతూ పొంతూ ఉండదు.

కాలువగట్టు (రావులపాలెం):
ప్రకటన ముద్రలకి సంతలో ధర లేదు గానీ, రింగు అరుగుదల చూసి నేర్చుకోవడానికి వాటికంటే మంచి పాఠం లేదు. తొడుగు తీయడం, పెట్టడం కూడా వాటి మీదే సాధన చేయాలి, మంచివాటి మీద కాదు.

విరిగిన పాత మోడళ్లు ఉన్నవాళ్లకి హెచ్చరిక: లెదర్‌మన్‌కి 25 ఏళ్ల వారంటీ ఉంది, కానీ బాగుచేయలేనిది పంపితే బదులుగా ఇప్పటి మోడల్ రావచ్చు. పాత పి4 పంపి, ఇంకేదో చేత పట్టుకుని కూర్చోవాల్సివస్తుంది. అరుదైనదైతే విరిగినదాన్ని విరిగినట్టే ఉంచుకోండి.

కొబ్బరిపుల్ల (అమలాపురం):
నల్లదాన్ని మళ్లీ వెళ్లి భూతద్దంతో చూశానండి. పట్టకారు వైపు తొడుగు రింగు దగ్గర బాగా గీతలు పడి, కొంచెం బూడిదరంగు తిరిగింది. పెన్ను వైపు కొత్తది. పెన్ను వైపు రేకు అంచున, రివెట్‌కి ఎదురుగా రెండు నొక్కులు. తెల్ల పొగ కూడా ఉంది. బ్లేడు మొదట్లో ముద్ర స్పష్టంగా ఉంది. నంబరు ప్రకారం రాంబ్లర్ శరీరం, దానికి పెన్ను తొడుగు, పెట్టె అసలుదే అనుకుంటున్నాను. మామూలు రాంబ్లర్ ధరకి ఇస్తామన్నారు. తీసుకుని, పుల్ల ఉండే నల్ల తొడుగు వెతికి మళ్లీ వేసేయమంటారా?

కాలువగట్టు (రావులపాలెం):
ఆ ధరకి తీసుకోండి. తొడుగు మాత్రం ఇప్పుడే తీయకండి. గ్లూ పట్టినదాన్ని లేపితే రేకు వంగుతుంది, అప్పుడు కత్తెర ఆకులు రాసుకుంటాయి. ముందు పుల్ల ఉన్న నల్ల తొడుగు చేతికి రానివ్వండి. మార్చే రోజున గ్లూ ఉన్న అంచుని గోరువెచ్చని సబ్బునీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, ప్లాస్టిక్ గిటారు బిళ్లతో రెండు రివెట్ల దగ్గరా కొంచెం కొంచెంగా లేపండి. ఇనుప బ్లేడు వాడితే పాత నొక్కుల పక్కన మీవి కూడా పడతాయి.

అప్పటిదాకా దాచే పద్ధతి: మూత బిగుతుగా పట్టే ఒక లీటరు డబ్బా, అందులో 10 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు. నారింజ రంగు గింజలు తీసుకోండి, తడి తాగితే పచ్చగా మారి చెబుతాయి. మారినప్పుడు ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తాయి. శ్రావణం నుంచి కార్తీకం దాకా నెలకోసారి చూడాల్సివస్తుంది. తోలు సంచి, రబ్బరు బ్యాండు, పీవీసీ కవరు మూడూ డబ్బాలోకి రానివ్వకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, రబ్బరులోని గంధకం ఇత్తడి రివెట్లని నల్లబరుస్తుంది, పీవీసీ నుంచి వచ్చే నూనె తొడుగుని జిగురు చేస్తుంది. బీరువాలో కలరా ఉండలుంటే డబ్బా వేరే అరలో.

పక్కనే ఒక చీటీ: "రాంబ్లర్ శరీరం, 0.6363.3 పెట్టె, పెన్ను తొడుగు తర్వాత వేసినది, గ్లూ ఉంది." నొక్కుల ఫోటో తేదీతో సహా. రేపు మీ దగ్గర్నుంచి ఎవరైనా తీసుకున్నా, మళ్లీ నల్ల మేనేజర్ అని తిరగకుండా ఉంటుంది.

కొబ్బరిపుల్ల (అమలాపురం):
ఆయ్, అలాగే చేస్తానండి. పిఎస్4 కూడా పిఎస్4 ధరకే అడిగాను, ఒప్పుకున్నారు. దాని ఎర్ర పిడి మీద మడత దగ్గర తెల్లటి పొడి ఉంది, అది గ్లూ పొగేనా?

లంకపొలం (ముక్తేశ్వరం):
కాదండి. అల్యూమినియం పిడి, ఉక్కు పనిముట్టు ఆనుకున్నచోట ఉప్పుతడి చేరితే అల్యూమినియం తినబడి తెల్లపొడి వస్తుంది. టూత్‌బ్రష్‌తో గోరువెచ్చని సబ్బునీళ్లలో రుద్దండి, నిమ్మకాయ పెట్టకండి. కడిగి ఆరాక అదే చోట చూడండి. రంగు నిలిచి ఉంటే ఒక చుక్క నూనెతో సరి. రంగు కింద వెండిగీత కనబడితే పొర పోయినట్టే, అప్పుడు దాన్ని తాళాలకి తగిలించి వాడుకోండి, డబ్బాలోకి ఇంకోటి వెతకండి.